కుడికి లాగిన పడవ

నా మాట ఇప్పటివరకూ ఒక్కరు తప్ప ఎవరూ చెవిన పెట్టలేదు, అందుకే మళ్లీ చెబుతున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో తాడిమర్రి దగ్గర జలాశయంలో షికారు తిప్పే మోటారు పడవ నడిపేవాణ్ని. ఒకసారి మరమ్మతు చేయించి తెచ్చాక అది కుడికి లాగడం మొదలుపెట్టింది. పడవలు తిప్పించే కాంట్రాక్టరుకు ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాడు. చివరికి పడవ గట్టుకు గుద్దుకుంది. తాగి నడిపానని నన్ను తీసేశాడు. నేను తాగను.

ఆ తర్వాత ఒకరోజు ధర్మవరంలో హిందూపురం బస్సెక్కి, పక్కసీటు పెద్దాయనకు ఇదంతా చెప్పాను.

"ఈడ తాగేదానికే నీళ్లు లేవు, నువ్వు పడవ తోలినావా అబ్బా!" అని నవ్వాడు. తర్వాత, "మరమ్మతులో ఏం మార్చినారు?" అన్నాడు.

ఆ మాట అంతవరకూ నన్నెవరూ అడగలేదు. నీళ్లలో తిరిగే ఫ్యాను వెనక చిన్న రెక్క ఒకటి కొత్తలోనే కొంచెం వంకరగా ఉండేదనీ, పడవలు ఎరగని లారీ మెకానిక్కు దాన్ని తిన్నగా బిగించాడనీ చెప్పాను.

ఆయన కిటికీలోంచి చేయి బయట పెట్టాడు. అరచేతి అంచు గాలికి ఎదురుగా ఉన్నంతసేపు గాలి దాన్ని ఏమీ చేయలేదు. కొంచెం వంచగానే పక్కకు తోసేసింది.

"ఫ్యాను ఒక పక్కకు లాగుతాంటే, ఆ వంకరే పడవను నేరుగా పోనిస్తాండెనేమో అప్పా," అని, పెనుకొండలో దిగిపోయాడు.

హిందూపురం దాకా నేనూ చేయి బయటే పెట్టుకున్నాను. దిగేసరికి దానికి స్పర్శ లేదు.

నన్ను తీసేశాక ఆ రెక్కను మళ్లీ వంచారా, లేదా? కాంట్రాక్టరు గానీ, ఆ మెకానిక్కు గానీ, ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పాలి.