సెకనుకు యాభై సార్లు

డిండోలిలో మా ఇల్లు. బాపు సాంచెల మీద పనిచేసేవాడు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచె అనే అంటారు. ఆయన నడిపే ఒక సాంచె మోటారు రెండుసార్లు కాలిపోయింది. మూడోసారి కాలితే పనిలోకి రావద్దని కార్ఖానా సేఠ్ ముఖం మీదే చెప్పేశాడు. ఎలక్ట్రానిక్స్ చదివి నేనింట్లో ఉండి ఏం లాభం? బరువు ఎక్కువైతే మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలుతుంది కాబట్టి, ఆ కరెంటును కొలిచే మీటరు నేనే చేస్తానన్నాను.

నాకు మొదటినుంచీ కుదురు లేదు. ఏసీ కరెంటు సెకనుకు యాభై సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి, ఒక్కో కొలతను ఎన్ని మెట్లుగా విడదీయాలి, ఈ రెండే తేల్చుకోవాలి. మెట్ల గురించి వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. పది బిట్లయితే వెయ్యి చిల్లర మెట్లు, పన్నెండయితే నాలుగు వేల పైమాట. గొప్పగా పన్నెండే పెట్టాను. ఎన్నిసార్లు అన్నది మాత్రం టీ తాగినంతసేపట్లో తేల్చేశాను. యాభై సార్లు ఊగేదానికి యాభై కొలతలు చాలవా!

పాతకాలం పనివాళ్లందరిలాగే బాపు గంటకోసారి మోటారు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. మీటరు బిగించాక కూడా పెడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"ఇంకా చెయ్యెందుకు బాపూ? అంకె చూస్తే అయిపాయె."

"గిది నిజంగనే చెప్తదా బిడ్డా?"

"నీ చెయ్యికంటే మంచిగ చెప్తది."

ఆయన నవ్వి చెయ్యి తీసేశాడు.

అంకె మెల్లగా పెరిగేది, మెల్లగా తగ్గేది. పెరిగినప్పుడల్లా బాపు కంగారుపడేవాడు. "జర బంద్ చెయ్యాల్నా?" అనేవాడు. ఆగు, అదే తగ్గుతుందనేదాన్ని. తగ్గేది కూడా. ఒక మధ్యాహ్నం అలా తగ్గుతుండగానే మోటారు పొగలు కక్కింది. సేఠ్ మాట తప్పలేదు.

ఆ రాత్రి కాదు, మూడు రోజుల తర్వాత గానీ నా తప్పు నాకు దొరకలేదు. ఊగేదీ యాభై సార్లే, నేను చూసిందీ యాభై సార్లే. ప్రతిసారీ అలను ఒకే చోట పట్టుకున్నాను. కరెంటు కచ్చితంగా యాభై దగ్గర నిలవదు కాబట్టి ఆ చోటు కొద్దికొద్దిగా జరిగేది. ఆ జరగడాన్నే మోటారు మీద బరువు అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతూ బాపుకు చెప్పాను.

"సాంచెల ఇటూ అటూ ఉరికే నాడె కుడికొచ్చినప్పుడే కండ్లు తెరిస్తే, అది కదుల్తలేదనే అనుకుంటం," అన్నాడు. అంతే, ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడాయన పని అమ్రోలిలో, ఇంకో కార్ఖానాలో. మీటరు సెకనుకు మూడువేల రెండువందల సార్లు కొలుస్తోంది, అంటే ఒక్కో ఊపుకు అరవై నాలుగు. మొన్న తీసుకెళ్లి బిగించాను. బాపు చేతులు వెనక్కి కట్టుకుని అంకె చూశాడు.

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు. మోటారును ముట్టుకోనేలేదు.

నేనే అరచెయ్యి పెట్టాను. ఎంత వేడైతే ఎక్కువో నాకు తెలియదు. ఆయన చెయ్యి పట్టుకుని నా చెయ్యి పక్కన పెట్టాను.