ఖాసిం భాయ్ ఎడమ పెట్టె

చాప పరిచే ఉంది, ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. పాటల పెట్టెల ముచ్చట ఇది. కళ్లకంటే చెవులకే ఎక్కువ పని.

1983 వానకాలంలో డోర్నకల్ రైల్వే క్వార్టర్స్ నుంచి నాకు కబురు వచ్చింది. అప్పటికే నేను స్టేషన్ రోడ్డులో రేడియో మెకానిక్‌ని. చదివింది ఐదో తరగతి. పని నేర్చుకున్నది జనగామలో, ఒక ఉస్తాద్ దగ్గర. ఆయన నాకు మొదట నేర్పింది స్క్రూ విప్పడం కాదు, విప్పకుండా ఆగడం. "ముందు పెట్టె ఉన్న చోటు చూడు. తర్వాత తీగ. తర్వాత పెట్టె. ఆఖరుకు మిషన్" అనేవాడు. ఆ వరుస నేను ఎన్నడూ తప్పలేదు.

పిలిచింది ఖాసిం భాయ్. బొగ్గు బండ్లు నడిపే ఇంజను డ్రైవరు. ఆయన ఇంట్లో ఒక స్టీరియో ఉండేది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో బదిలీ మీద వెళ్లిపోయిన ఒక ఆఫీసరు దగ్గర కొన్నది. రెండు టేకు స్పీకర్ పెట్టెలు, లోపల పాటకు కదిలే కాగితపు కోన్లు.

"సత్తన్నా, ఎడమ పెట్టె సచ్చింది. కొత్త స్పీకర్ ఎయ్యి" అన్నాడు భాయ్.

ఆయన భార్య రజియా ఆపా టీ తెస్తూ అంది: "నేను పిలిస్తే పలకడు గని, డబ్బాలను మాత్రం పొద్దంత తిడతడు."

చూస్తే పెట్టెలు రెండూ మూలల్లో నేల మీద ఉన్నాయి. వాటి మీద ఆపా కుట్టిన పూల గుడ్డలు ముఖాల మీదికి వేలాడుతున్నాయి. మూలలో నేలకు ఆనించి పెడితే పాట కుండలో గొంతు పెట్టి పాడినట్టు వస్తుంది. గుడ్డలు తీయించాను. పెట్టెలను స్టూళ్ల మీదికి ఎక్కించి, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు తెచ్చి, గోడకు జానెడు దూరం జరిపాను.

తర్వాత తీగలు. టార్చిలైటు సెల్లు తీసి ఒక్కో పెట్టె తీగలకు ఆనించాను. కోను ముందుకు రావాలి. కుడిది వచ్చింది, ఎడమది వెనక్కి పోయింది. అంటే తీగలు తారుమారు. ఒకటి తోస్తుంటే ఒకటి గుంజుతుంది, తబలా మోత మధ్యలోనే చస్తుంది. దొరికాడు దొంగ అనుకుని తీగలు మార్చాను. పాట పెడితే తబలా ఇల్లంతా పలికింది. ఆపా వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

భాయ్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "మోత వచ్చింది గని, ఎడమది ఇంక సచ్చే ఉంది."

మిషన్ వెనక ఎడమ తీగ కుడికి, కుడి తీగ ఎడమకు మార్చాను. లోపం మిషన్‌ది అయితే ఇప్పుడు కుడి పెట్టె మూగబోవాలి. భాయ్ ఎడమదే అన్నాడు. పెట్టెలనే అటుదిటు మార్చాను. మళ్లీ ఎడమదే. నా చెవికి రెండూ సమానంగా పాడుతున్నాయి.

నా వరుస అయిపోయింది. చోటు బాగుంది, తీగ బాగుంది, పెట్టె బాగుంది, మిషన్ బాగుంది. మిగిలింది కుర్చీ.

"భాయ్, జర కుర్చీ మలుపుకొని గోడ దిక్కు కూసో" అన్నాను.

కూర్చున్నాడు. కాసేపు విని, భుజం మీదుగా వేలు చూపించాడు. "ఇప్పుడు గా పెట్టె సచ్చింది."

అది ఇంతసేపూ బాగుందన్న పెట్టె.

అన్నాక ఆయనకే అర్థమైంది, పోయింది పెట్టె కాదు, తన ఎడమ చెవి అని. చేయి అట్లే గాలిలో ఆగింది. ఆపా మెల్లగా, "రెండేండ్ల సంది నేను చెప్తున్నది గదే" అంది.

ఇరవై ఏళ్లు బాయిలర్ పక్కన నిలబడ్డ మనిషి. చెవి పోవడంలో వింత లేదు, కానీ ఆయన భయం వేరు, నా భయం వేరు. బండి నడిపేవాళ్లకు కన్నూ చెవీ పరీక్ష చేస్తారు. చెవి తప్పితే బండి మీద నుంచి దింపేస్తారు. అట్లని దాచిపెడితే? గార్డు ఈల వినాలి. మంచులో సిగ్నల్ కనబడనప్పుడు పట్టాల మీద పటాకు పెడతారు, చక్రం కింద అది పేలితే డ్రైవరు విని బండి ఆపాలి.

"సత్తన్నా, గీ మాట గడప దాటొద్దు. నువ్వు కొత్త స్పీకర్ ఏసి పో. అడిగితే పెట్టె చెడింది అంటా."

"నేను ఎవ్వరికీ చెప్ప భాయ్. గని స్పీకర్ కూడ మార్చ."

"పెండ్లిండ్ల మైకు సెట్లు బాగుచేసుకునేటోనివి, నా నౌకరీ నీ చేతిల ఉన్నదా? పో!" అని లేచాడు. సంచి సర్దుకుని వచ్చేశాను. ఆ మాట నిలుపుకున్నాను, ఎవరితోనూ అనలేదు. కానీ బొగ్గు బండి కూత వినబడితే కొన్నాళ్లు నా చేతిలో పని ఆగిపోయేది.

పదిహేను రోజులకు ఆయనంతట ఆయనే రైల్వే దవాఖానకు పోయాడని తెలిసింది. బండి దింపి షెడ్డులో పని ఇచ్చారు. ఏడాది పాటు నా దుకాణం ముందుకు వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు. నేనూ పలకరించలేదు.

మళ్లీ వానకాలం వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం దుకాణం మెట్టెక్కి, ముఖం పక్కకు పెట్టుకుని అడిగాడు: "ఒక్క చెవికి రెండు పెట్టెల పాట ఎట్ల ఇనాలె?"

స్టీరియోలో కొన్ని వాయిద్యాలు ఎడమకు, కొన్ని కుడికి పంచి ఉంటాయి. ఒక చెవి లేకపోతే పాటలో చాలా పోతుంది. భాయ్ ఇంటి మిషన్‌కు ముందర ఒక మీట ఉంది, మోనో మీట అంటారు. నొక్కితే రెండు పక్కల పాటా కలిసి ప్రతి పెట్టెలోనూ మొత్తం పలుకుతుంది. కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. ఆయన ఇంటికి వెళ్లి నొక్కాను. పెట్టెలు రెండూ ఆయన కుడి పక్కకు జరిపాను. పాట పెట్టాను.

భాయ్ కుడి చెవి పెట్టెల దిక్కు పెట్టి విన్నాడు. తర్వాత, "గీ సారంగి ఇంతకుముందు పాటల ఉన్నదా?" అన్నాడు.

ఆపా తన పీట తెచ్చి పెట్టెల పక్కన వేసుకుంది. "ఇగ నేను గూడ కుడి దిక్కే కూసుంట. చూస్త, ఎట్ల పలకవో."

ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా ఉస్తాద్ వరుసకు ముందు ఇంకొకటి చేర్చుకున్నాను: మొదట వినే మనిషిని చూడాలి, అతను ఎక్కడ కూర్చుంటాడో, ఏ చెవితో వింటాడో అడగాలి. పాత పెట్టెలు చాలావరకు చెడిపోయి ఉండవు. చెడని దాన్ని మార్చితే చెడింది దాగిపోతుంది.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట్లో పిలిచిన పిలుపు మొదటిసారికే అందాలి, పలికే గొంతులు నిండుగా ఉండాలి. మీ గడప చల్లగుండాలె.