బద్వేలు కోర్టు పక్కన పరుపు

ఎనిమిదేళ్ల కిందట ఫోన్లో నేను అన్న ఒక్క మాట నన్ను ఇప్పుడు బద్వేలు బస్సెక్కించింది. కర్నూలులో మా కాలేజీ సిమెంటు కోర్టు మీద నాతో ఆడిన మస్తాన్‌కు, దేశమంతా తిరిగి ఆడే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఒక జట్టులో చోటు దొరికింది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, బద్వేలులో పరుపులు కుట్టే ఇంటివాడు. ఆ సీజన్లో ప్రతి మ్యాచ్‌కూ ముందు నాకు ఫోన్ చేసేవాడు. నేను వాడికి సీనియర్ని, కెప్టెన్ని, అన్నీ తెలిసినవాణ్ణి మరి! సీజన్ సగంలో ఒకరోజు, “అన్నా, ఎడమ మోకాలు వాస్తాండాది. కోచ్‌కు చెప్పేదా?” అని అడిగాడు. “చెప్పద్దురా. బెంచీ మీద కూచున్నోన్ని మళ్లా లేపరు. గట్టిగా కట్టు కట్టుకోని ఆడు. పరుపేయమంటావా ఏంది?” అన్నాను. నొప్పి అన్నవాణ్ణి మా కోర్టులో అలాగే ఎగతాళి చేసేవాళ్లం. పరుపుల ఇంటివాడు కాబట్టి మస్తాన్‌కు ఆ మాట ఇంకాస్త ఎక్కువగా తగిలేది. వాడు నవ్వి ఫోన్ పెట్టేశాడు, ఆడాడు. ఆ తర్వాత ఐదో మ్యాచ్‌లో బంతి కోసం ఎగిరి దిగినప్పుడు ఆ మోకాలు పోయింది. వాడి లీగ్ ఆ ఒక్క సీజన్‌తోనే ముగిసింది.

తర్వాత ప్రతి రంజాన్‌కూ శుభాకాంక్షలు పంపానే గాని, ఎదురుపడే ధైర్యం చేయలేదు. పోయిన నెల నా కూతురు స్కూల్లో పరుగు పందెంలో మడమ బెణికితే, రెండు రోజులు ఇంట్లో చెప్పలేదు. ఎందుకు దాచావంటే, “నువ్వు ఎగతాళి చేస్తావని నాన్నా” అంది. ఇక ఇంట్లో కూర్చోలేకపోయాను. వస్తున్నానని మస్తాన్‌కు చెప్పి, ఆదివారం ఉదయం ఏడింటికి కర్నూలు బస్టాండులో కడప బస్సు ఎక్కాను.

బద్వేలుకు పోవాలంటే కడప దాకా వెళ్లక్కర్లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ దాటాక మైదుకూరులో దిగి బస్సు మారితే చాలు. అక్కడిదాకా టికెట్టు రెండు వందల యాభై దగ్గర. నాకు వెనక చక్రం మీది సీటే దొరికింది, ఆళ్లగడ్డ వచ్చేసరికి నడుం పట్టేసింది. పన్నెండింటికి మైదుకూరులో దిగి, బస్టాండు ఎదుట ఒక చిన్న హోటల్లో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి తిన్నాను. ముద్దలు చేస్తున్న ఆమె నా మొహం చూసి, “ఏమప్పా, తింటాండావా, ఆలోచన చేస్తాండావా? బద్వేలు బస్సు ఇప్పుడే వస్తాది, బిరీన తిను” అని కసిరింది. నిజానికి ఆ బస్సు పోతే బాగుండుననే ఉంది నాకు. కానీ అది సమయానికే వచ్చింది. గంటలో బద్వేలు చేరాను.

మస్తాన్ పరుపుల అంగడిలో ఉన్నాడు. “ఎట్లుండావన్నా? శానా లావైనావే!” అంటూ లేవబోయాడు. ముందు బల్ల పట్టుకుని, తర్వాత ఎడమకాలు లాక్కుని లేచాడు. ఒకప్పుడు నిలబడ్డచోటి నుంచే ఎగిరి రింగు అందుకున్న మనిషి! టీలు తాగాం, పాత కబుర్లన్నీ చెప్పుకున్నాం. అసలు మాట మాత్రం నా నోట రాలేదు. సాయంత్రం ఐదింటికి నన్ను బడి మైదానానికి తీసుకెళ్లాడు. అక్కడ రోజూ పది పన్నెండు మంది ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాడు. కోర్టు పక్కన నీడలో, వాడి అంగడిలో కుట్టిన పరుపు ఒకటి పరిచి ఉంది.

ఆటకు ముందు పిల్లలంతా వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, “యాడ నొప్పి ఉండాది?” అని అడిగాడు. ఒక పిల్ల కుడి మడమ అంది. “పో, పరుపు మీద కూచో. రేపు మొదటి ఆట నీదే” అన్నాడు. ఆ పిల్ల దర్జాగా వెళ్లి కూర్చుంది. చివర నిలబడ్డ నన్నూ అడిగాడు. “ఏం లేదురా” అన్నాను. పాత అలవాటు. “అబద్ధం సార్! ఆయప్ప వచ్చినప్పట్నుంచి నడుం పట్టుకోనే నిలబడ్నాడు” అని పరుపు మీది పిల్ల పట్టిచ్చేసింది. అందరూ నవ్వారు, నొప్పికి కాదు, నా అబద్ధానికి. నేను సిగ్గుపడుతూ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

ఆట మొదలుపెట్టించి మస్తాన్ వచ్చి, మడత పడని కాలు చాపుకుని నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను. “ఆరోజు నేను కోచ్‌కు చెప్పమనుంటే నువ్వు ఇంకా ఆడుతుండేవాడివి. తప్పు నాదిరా.”

వాడు కోర్టు వైపే చూస్తూ అన్నాడు. “నీ తప్పేం లేదని నేననను అన్నా. మంచంలో పడుండి నిన్ను శానా సార్లు తిట్టుకున్యా. మళ్లా అనుకున్యా, మాట నీదే గానీ మోకాలు నాది గదా అని. కోచ్‌కు చెప్పుంటే ఇంగొక్క సీజనన్నా ఆడుంటా.” చాపిన కాలు చేత్తో సర్దుకుని, “ఫోన్ చేస్తావేమోనని చూసినా. రంజాన్ మెసేజీ గాదు. ఇట్ల మాట్లాడేదానికి” అన్నాడు.

క్షమించమని అడగడానికి వెళ్లానని అనుకున్నాను. క్షమాపణ కన్నా ముందు ఎనిమిదేళ్ల ఫోన్ కాల్ ఒకటి బాకీ ఉందని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఇప్పుడు నేను ఎంత బాధపడినా ఆ మోకాలు మడత పడదు. ఆ బాధ నాకు పోలేదు, పోకూడదు కూడా. తిరుగు బస్సు ఎక్కే ముందు ఇంటికి ఫోన్ చేసి కూతుర్ని అడిగాను, మడమ ఇంకా నొప్పిగా ఉందా అని. కొంచెం ఉందంది. సరే, రేపు బడి మాను అన్నాను.

మీరు అటు వెళ్తే ఒక్క సూచన: వెనక చక్రం మీది సీటు తీసుకోవద్దు. తప్పక తీసుకుని నడుం పట్టేస్తే, మస్తాన్ అడగ్గానే నిజం చెప్పండి. అక్కడ పరుపుంది, ఎవరూ నవ్వరు.