తారురోడ్డు తగిలేదాకా

మా అత్తగారు పోయారు. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగుస్తుండగా తోట నుంచి కాపలా అతను ఫోన్ చేశాడు. "అమ్మగారు లేవట్లేదండీ" అన్నాడు. మామిడికాయ కోతలు అయ్యేదాకా ఆవిడ కొండమీద తోట గదిలోనే ఉండేవారు, ఎవరు వద్దన్నా వినేవారు కాదు. నిద్రలోనే పోయారు. తెల్లవారుజామున పెద్ద వాన పడింది. ఆగిరిపల్లి వైపు ఎర్రమట్టి కొండదారులు తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

ఆవిడ సంగతి చెప్పాలంటే జీపు సంగతి చెప్పాలి. మామగారు పోయాక దాన్ని అమ్మేద్దామని అందరూ అంటే, "అమ్మితే కాయలు మీరు నెత్తిన మోస్తారా?" అని తనే నడపడం నేర్చుకున్నారట. కొంగు నడుముకు దోపి, సీటు మీద దిండు వేసుకుని కూర్చునేవారు. వాన పడిన రోజు దిగేముందు బండి పైనే ఆపి, కర్ర పట్టుకుని దారంతా నడిచి చూసి వచ్చేవారు. కాయలు కోసే మనుషులను ఎక్కనిచ్చేవారు కాదు. "మీరు నడిచి రండమ్మా. కాయలు పోతే మళ్లీ కాస్తాయి" అనేవారు. నాకూ నేర్పాలని ఆవిడ పట్టు. పెళ్లయిన కొత్తలో ఇదేం గోలరా దేవుడా అనుకునేదాన్ని. అందరి అత్తగార్లూ పులుసు పెట్టడం నేర్పితే ఈవిడ గేర్లు వేయడం నేర్పారు. పొడి నేల మీద బాగానే నడిపేదాన్ని. తడి దారి అయితే స్టీరింగు ఆవిడకే ఒప్పజెప్పి, చల్లగా నడిచి దిగేదాన్ని.

పోయిన వేసవిలో అది కుదరలేదు. కంటి ఆపరేషన్ అయి ఆవిడకు ఒక కంటికి కట్టు ఉంది. వాన మొదలయ్యాక కూడా ఇంకొక్క కొమ్మ అంటూ చెట్టెక్కిన మా ఆయన జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక బయటికి వచ్చింది. కట్టిన తువ్వాలు కట్టినట్టే రక్తంతో తడిసిపోతోంది. మోసుకెళ్దామంటే ఆ బురదలో ఖాళీ చేతులతోనే మనిషి నిలబడలేకపోతున్నాడు. ఆవిడ బండి తాళాలు నా చేతిలో పెట్టారు.

"నా వల్ల కాదత్తయ్యా" అన్నాను.

"నా కన్ను బాగుంటే నిన్ను అడిగేదాన్నా? ముందు నడిచి చూద్దాం, పద."

నా భుజం పట్టుకుని, కర్రతో నేల పొడుస్తూ, ఎక్కడ గులకరాళ్లున్నాయో ఎక్కడ జిగటమట్టి ఉందో నా చేతే చెప్పించారు. పైన మొగుడు మూలుగుతుంటే ఈ నడకేంటని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిరిగొచ్చి, అతన్ని వెనక పడుకోబెట్టి ఎక్కాం. నాలుగు చక్రాలనూ కలిపే చిన్న గేరు వేయించారు, ఆ తర్వాత మొదటి గేరు.

"కాళ్లు రెండూ వెనక్కి లాక్కో. బ్రేకూ వద్దు, క్లచ్చూ వద్దు. ఇంజనే పట్టుకుంటది."

జీపు ముక్కు కిందికి వంగింది. ముందు అద్దంలోంచి దారి కనబడలేదు, కింద తోటల్లో చెట్ల తలలే కనబడ్డాయి. సగం దిగామో లేదో బండి వెనక భాగం ఎడమకు జారింది. ఎడమ పక్క లోతైన గండి. ఆవిడ కూర్చున్నదీ అటే. నా కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయింది. ఆవిడ నా మోకాలు గట్టిగా పట్టుకున్నారు.

"తొక్కకు. చక్రం తిరుగుతున్నంతసేపే బండి మన మాట వింటది. ఆగిందంటే కొండ మాట వింటది. ఎటు జారితే అటే తిప్పు."

"అటు గండి ఉందత్తయ్యా."

"తెలుసు. తిప్పు."

గండి వైపే తిప్పాను. స్టీరింగు చేతుల్లో తేలిపోయింది. ఇక ముగ్గురం పోయామనే అనుకున్నాను. అంతలో ముందు చక్రాలకు గులకరాళ్లు దొరికి బండి తిన్నగా అయింది. మోకాలి మీద చెయ్యి మాత్రం ఆవిడ తీయలేదు. నాలుగు చక్రాలూ తారురోడ్డు ఎక్కాక తీసి, "ఇప్పుడు తొక్కమ్మా" అన్నారు. తొక్కి, స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చేశాను. "ఏడుపు నూజివీడు ఆసుపత్రిలో ఏడుద్దువుగాని, ముందు బండి పోనీ" అన్నారు. మా ఆయన కాలు దక్కింది. కాస్త కుంటుతాడు, అంతే. ఆ రోజు నాకు మొగుణ్ని మిగిల్చింది ఆ చెయ్యే.

ఈ ఆదివారం అంబులెన్సు డ్రైవరు తారురోడ్డు మీద నిలబడే కొండదారి చూసి, "ఎక్కితే దిగలేమండీ" అన్నాడు. మేం శవపెట్టెను జీపులో వేసుకుని పైకి వెళ్లాం. మబ్బు మళ్లీ కమ్ముకొస్తోంది. ఆవిడను ఉంచిన పెట్టెను వెనక ఎక్కించాక మా ఆయన్ని నడిచి రమ్మన్నాను.

"అమ్మని ఒక్కదాన్నే ఎలా పంపను?" అని ఎక్కి, పెట్టెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ కర్ర తీసుకుని దారంతా నడిచి చూశాను. తిరిగొచ్చి ఆవిడ దిండు మీద కూర్చుని, చిన్న గేరు వేసి, కాళ్లు వెనక్కి లాక్కున్నాను. సగం దారిలో బండి మళ్లీ జారింది. మళ్లీ గండి వైపే. కాలు లేచింది. పట్టుకునే చెయ్యి లేదు. నా మోకాలు నేనే పట్టుకుని, ఒంటి చేత్తో అటే తిప్పాను. వెనక మా ఆయన "అమ్మా" అన్నాడు. బండి తిన్నగా అయింది.

నాలుగు చక్రాలూ తారురోడ్డు ఎక్కాయి. అంబులెన్సు దగ్గర జనం పెట్టె దింపుకోవడానికి చేతులు చాచి నిలబడ్డారు. నా కాళ్లు మాత్రం వెనకే ఉండిపోయాయి. ఇప్పుడు తొక్కమ్మా అని ఎవరూ అనలేదు. జీపు వాళ్లను దాటుకుని, అదే మొదటి గేరులో, మనిషి నడిచినంత నెమ్మదిగా ఊరి వైపు సాగిపోయింది. జనం వెనకాలే నడిచారు.