క్యారేజీ గిన్నెలో క్లారినెట్టు

ఆటోనగర్‌లో మా బావమరిదికి లేతు షెడ్డుంది. ఆదివారం మిషన్లు ఆపి ఆ పూటకి షెడ్డు నాకు వదిలేస్తాడు. ఎలక్ట్రానిక్ వాయిద్యాన్ని సొంతంగా తయారు చేసుకోవడం ఎలాగో అక్కడ కొత్తవాళ్లకి నేర్పుతుంటాను. పోర్టులో క్రేన్ల కరెంటు పని చూసి రిటైరయ్యాను. సంగీతం మాత్రం బొత్తిగా రాదు. ఆ సంగతి మా ఆవిడ ప్రతి ఆదివారం గుమ్మం దాకా వచ్చి మరీ గుర్తు చేసి పంపిస్తుంది.

మొదటి పాఠం చాలా తేలిక. ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటి, పాత రేడియో స్పీకరు, బ్యాటరీ, కాలింగ్‌బెల్ స్విచ్చు, ఇంకా పప్పుబద్దంత ‘కన్ను’. కన్ను మీద వెలుగు పడితే శబ్దం కీచుమంటూ పైకి పోతుంది. చేయి అడ్డం పెడితే దూడ అరిచినట్టు కిందికి దిగుతుంది. చేతి నీడే స్వరమన్నమాట. సోల్డరింగ్ అక్కర్లేదు. నిండా చిల్లులుండే ప్లాస్టిక్ బోర్డులో వైర్లు గుచ్చితే చాలు. అంతా అయ్యాక ఒక డబ్బాలో పెట్టుకుంటారు. మన ఊళ్లో డబ్బా అంటే స్టీలుదే. అట్టపెట్టె తెచ్చుకోమని మొత్తుకున్నా క్యారేజీ గిన్నెలే పట్టుకొస్తారు. బోర్డు అడుగున ఉండే తీగ స్టీలుకి తగిలి, వాయిద్యం పుట్టకముందే చస్తుంది. అందుకే షెడ్డులో పాత క్యాలెండర్లు దొంతరగా పెట్టుకున్నాను. గిన్నెలో క్యాలెండరు అట్ట పరవడమే మా దగ్గర రెండో పాఠం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నా బుద్ధి గురించి చెప్పాలి.

టీ వేళకి అందరూ బయటి బడ్డీ దగ్గరికి వెళ్తారు. అప్పుడు నేను బల్లల మధ్య తిరుగుతూ ఒక్కో బోర్డులో ఒక్కో వైరుని కాస్త పైకి లాగేవాణ్ణి. ఊడిపోదు, అలాగని ఆనదు. వాళ్లు తిరిగొచ్చి స్విచ్చు నొక్కితే చప్పుడుండదు. ‘సార్, ఇందాక పలికింది!’ అని నాలుగు వైపుల నుంచీ పిలుపులు. నేను కళ్లజోడు సవరించుకుని, రెండు సార్లు ‘ఊఁ’ అని, వేలితో ఒక్క నొక్కు నొక్కేవాణ్ణి. పలికేది. ఆ ముఖాల్లో వెలుగు చూడాలి! క్రేను దగ్గర పనిచేసినన్నాళ్లూ నన్నెవరూ అలా చూడలేదు.

మా బావమరిది ఒక రోజు చూడనే చూశాడు. 

“ఏటి బావా, సేత్తన్నావ్?”

“చెక్ చేస్తున్నాను.”

“పీకీసి సెక్ సేత్తారేటి?” అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

నేర్చుకునేవాళ్లలో మా ఊరి పాతపట్నం వైపు నుంచి వచ్చే ఒక భాయ్ ఉండేవాడు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. స్కూటరు మీంచి పడి ముందు పళ్లు పోయాయి. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు గానీ, గట్టిగా ఊదితే అవి పాటకంటే ముందు బయటికొచ్చేవి. బ్యాండు నడిపేది ఆయన తమ్ముడు. భీమిలిలో మాఘమాసం పెళ్లి ఒకటి ఒప్పుకుని, అన్నకి ఒక గడువు పెట్టాడు. అప్పటికి ఏదో ఒకటి వాయించగలిగితే ముందు వరుసలో పాత చోటే. లేకపోతే నెత్తిన దీపం స్టాండు పెట్టుకుని పక్కన నడవాలి.

నోటితో పనిలేని వాయిద్యం కావాలని భాయ్ నా దగ్గరికొచ్చింది అందుకే. ఆయన చెవి ఎలాంటిదంటే, ఆ చేతి నీడతోనే క్లారినెట్‌లా స్వరం నుంచి స్వరానికి జారే జారుడు తెచ్చేశాడు. కాని ప్రతి ఆదివారం టీ తాగొచ్చేసరికి బోర్డు మూగబోయేది. అందరి బోర్డులూ అంతే కదా అనుకునేవాణ్ణి నేను. మిగతావాళ్లకి అది ఆట అనీ, ఆయనకి కాదనీ నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆయన ‘గురూజీ!’ అని పిలిచే పిలుపే నాకు అన్నింటికన్నా ఇష్టం.

పెళ్లికి ముందు ఆదివారం టీ అయ్యాక, ఆయన స్విచ్చు నొక్కి చూసి, నన్ను పిలవలేదు. గిన్నెకి మూతపెట్టి సంచిలో వేసుకున్నాడు.

“గురూజీ, ఇక రాను. నా చేతుల్లోనే ఏదో ఉంది. నేను గుచ్చింది ఏదీ నిలబడటం లేదు. నడి వీధిలో ఆగిపోతే తమ్ముడి పరువు పోతుంది. దీపమే మోస్తాను.”

మా బావమరిది తలుపు దగ్గర నిలబడి నా వంకే చూస్తున్నాడు. వైరు నొక్కి, ‘చూశావా, పలికింది’ అని ఇంకోసారి గొప్ప కొట్టుకోవచ్చు. కాని ఆయన వేళ్లు చూశాను. ఏదో తప్పు చేసినట్టు ముడుచుకుని ఉన్నాయి.

“నీ చేతుల్లో ఏమీ లేదు భాయ్. నేనే పీకాను. వారం వారం పీకాను. అందరివీ.”

మొదట తేరుకున్నది ఇడ్లీ బండి నడిపే ఆవిడ.

“ఓలమ్మో! నాదీ నువ్వేనేటి బాబూ? మా ఆయన సంచి తొక్కీసి వైర్లు వదులు సేసినాడని నాను మూడు పూటలు తిండెట్టలేదు!”

అందరూ గొల్లున నవ్వారు. భాయ్ మాత్రం నవ్వలేదు. తన పది వేళ్లూ చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“అయితే ఇవి మంచివే.”

“మంచివే.”

“ఒక షరతు గురూజీ. ఇక నా గిన్నె మీద మీ చెయ్యి పడకూడదు. ఊరేగింపులో కూడా.”

ఒప్పుకున్నాను. ఆ పూట ఆయన మొత్తం పీకి మొదటి నుంచీ కట్టుకున్నాడు. నన్ను లేతు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. నా చేతులకి కాపలాగా ఇడ్లీ బండావిడ నిలబడింది. ఒక వైరు తప్పు చిల్లులో గుచ్చాడు. నా అరచేతులు దురద పెట్టాయి. ఆయనే చూసుకుని, ఆయనే సరిచేసుకున్నాడు. 

భీమిలి పెళ్లికి నన్నూ, మా బావమరిదినీ పిలిచాడు. పొద్దు గుంకుతుండగా ఊరేగింపు బయల్దేరబోతుంటే, బ్యాండు నడిపే తమ్ముడు తల పట్టుకున్నాడు. దీపాలు మోసేవాడొకడు బస్సు దొరక్క ఆగిపోయాడట.

“ఒక్క మనిషి తక్కువైపోయాడన్నా.”

భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. “తక్కువేటి? గురూజీ ఉన్నారు కదా.”

రెండు నిమిషాల్లో నా నెత్తిన తువ్వాలు చుట్ట, దాని మీద దీపం స్టాండు, వెనక జనరేటరు బండి దాకా వైరు. మా బావమరిది ఫోను తీసి ఫొటోలు తీస్తున్నాడు.

డప్పు మొదలైంది. భాయ్ ముందు వరుసలో నిలబడి స్విచ్చు నొక్కాడు. కోడిపుంజుని తోక పట్టి లాగినట్టు గోల! షెడ్డులో మేము ఎన్నడూ అనుకోని సంగతి ఒకటుంది. పెళ్లివారి ఇంటి నిండా సీరియల్ లైట్లు, ఎర్రవీ పచ్చవీ, గబగబా వెలిగి ఆరుతున్నాయి. గిన్నెలోని కన్ను ప్రతి మినుకునీ స్వరం కింద లెక్కేస్తోంది. పిల్లలు నవ్వుతున్నారు. తమ్ముడి ముఖం మాడిపోయింది. నా చెయ్యి దానంతట అదే గిన్నె వైపు సాగింది.

“గురూజీ!” అన్నాడు భాయ్. అంతే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆయన ఒక్క క్షణం ఆ లైట్ల వంక, తర్వాత నా నెత్తి మీద దీపం వంక చూశాడు. జరీ అంచున్న బ్యాండు టోపీ తలమీంచి తీసి గిన్నె మీద గొడుగులా పట్టాడు. సీరియల్ లైట్లు పక్కల నుంచి పడకుండా ఆగిపోయాయి. నన్ను ఎదురుగా రమ్మని గడ్డంతో సైగ చేశాడు. ఇప్పుడు ఆ కన్నుకి కనిపించేది నా దీపం ఒక్కటే. టోపీ కొద్దిగా ఎత్తాడు. స్వరం పైకి లేచింది. వాల్చాడు. దిగింది. ఒక పాత పెళ్లిపాట మెల్లగా పట్టుకున్నాడు. డప్పువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని దరువు సర్దుకున్నారు. తమ్ముడు క్లారినెట్ ఉండవలసిన చోటు ఖాళీ చేసి రెండడుగులు పక్కకి జరిగాడు.

నేను ఆయనకి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తున్నాను. మధ్యలో ఒక స్వరం కాస్త తక్కువగా పడినట్టు అనిపించింది. సంగీతం రాకపోయినా నాకు అలా అనిపిస్తూ ఉంటుంది. తల రవ్వంత వంచితే వెలుగు పెరుగుతుంది, స్వరం సరిపోతుంది, ఎవరికీ తెలియదు. వంచబోయాను.

“కదపకండి గురూజీ,” అన్నాడు భాయ్, గిన్నె మీంచి కన్నెత్తకుండానే.

మెడ బిగబట్టుకున్నాను. పెళ్లిపందిరి దాకా అలాగే నడిచాను.