మోటారు ఆపమన్న గొంతు

“చెనక్కాయలు పెరికేది నేనొచ్చినాక చూద్దాం. కూలోళ్లను పిలవాకు.”

“ముందు నువ్వు లేచి రా సామీ... చెనక్కాయలు యాడికి పోతాయి!”

నేనూ నా మొగుడూ చివరగా మాట్లాడుకున్నది ఇదే. స్ట్రెచర్ లోపలికి తోసుకెళ్లారు.

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నాలుక పుచ్చిపోనీ. రాసుకో పాపా.

బెంగళూరులో గుండె ఆపరేషన్. గుండెను ఆపి, మిషన్‌తో రక్తం ఆడిస్తారట. ముందురోజు ఆ మిషన్ చూసే ఇంజనీరు, తెలుగొచ్చినోడు, వివరంగా చెప్పాడు. మిషన్ డబ్బాలో రక్తం అడుగంటితే మోటారు గాలి లాగుతుంది. ఆ గాలి తలకెక్కితే మనిషి దక్కడు. రక్తం తగ్గగానే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఒకటి తయారు చేస్తున్నాడట. ఇంకా బిగించలేదట.

మా ఆయన నవ్వాడు. “మా బోరు మాదిరే కదప్పా!”

నిజమే. కరువు ఏడు మా నిడుగల్లు చేనులో నేను స్టార్టర్ దగ్గర కూర్చునేదాన్ని. నీళ్లు తెగి పైపు గుర్రుమనగానే ఆయన అక్కడి నుంచి “మోటారాపు” అని కేకేసేవాడు. నేను ఆపేదాన్ని.

చీకటి పడింది... ఆపరేషన్ తెమల్లేదు. నేను తలుపు బయటే కూర్చున్నాను. నర్సు రక్తం సీసాలతో లోపలికి పోతూ తలుపు సరిగా వేయలేదు. మోటారు చప్పుడు... ర్ర్... ర్ర్... ఒకటే తీరు.

ఉన్నట్టుండి... గుర్... గుర్... గుర్...

గాలి! నాకు తెలుసు ఆ చప్పుడు. లేచి తలుపు కాడికి పోయాను.

అప్పుడు వినపడింది... లోపల నుంచి...

“మోటారాపు... గాలి లాగుతాండాది...”

మోటారు ఆగింది. ఆ వెంటనే కన్నడంలో అరుపులు.

తెల్లవారుతుండగా ఇంజనీరు వచ్చాడు.

“మిషన్ దగ్గరున్నతను సీసా కోసం అటు తిరిగాడమ్మా. ఎవరో అరిచారు, తిరిగి చూసి ఆపేశాడు. గాలి ఒంట్లోకి పోలేదు. గుండె మాత్రం... మళ్లీ కొట్టుకోలేదు.”

నేను గోడకు ఆనుకున్నాను. అతను ఇంకా నిలబడే ఉన్నాడు.

“అరిచింది నువ్వా?”

“మొగ గొంతు కదప్పా.”

“నేను అప్పుడు బయటున్నాను. లోపల తెలుగువాళ్లు ఎవరూ లేరమ్మా.”

ఆ గొంతు మా ఆయనదేనా అని డాక్టరును అడిగాను. మీ ఆయన మత్తులో ఉన్నాడు, గొంతులో గొట్టం ఉంది, మాట ఎలా వస్తుంది అన్నాడు.

అది ఆయనే అయితే... రొమ్ము కోసినప్పుడు ఆయనకు తెలివి ఉన్నట్టే కదా? నొప్పి తెలిసినట్టే కదా? ఆయన కాకపోతే... ఎవరు? ఇందులో ఏది నిజం కావాలని దేవుడికి మొక్కుకోవాలో ఈరోజుకీ నాకు తెలియదు.

ఏం రాసినావో చదువు పాపా. నేను కళ్లు మూసుకుంటా... ఆ ‘మోటారాపు’ మాట కాడ మాత్రం నిదానంగా చదువు.