ఇనస్పెక్టరు గారు నమిలిన గోంగూర

ఎనభైల మొదట్లో నందిగామలో ఒక బళ్లో సైన్సు టీచరుగా చేరా. టెంపరరీ పోస్టు. ఇనస్పెక్టరు గారు నా పాఠం విని బాగుందంటేనే ఉద్యోగం, లేదంటే జగ్గయ్యపేటలో ఇంట్లో కూర్చోవడమే. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం.

మనవాళ్లు అంటార్కిటికా వెళ్లొచ్చారని రేడియో ఊదరగొడుతున్న రోజులవి. ఆ మంచు కింద, సముద్రం అడుగున బతికే జీవుల గురించే చెబుతానని పట్టుబట్టా. "కృష్ణ దాటి ఎరగని పిల్లలకి దక్షిణ ధ్రువం ఎందుకమ్మా?" అని హెడ్మాస్టరు గారు నెత్తి కొట్టుకున్నారు. నేను వింటేగా!

ఇన్‌స్పెక్షన్ అంటే ఆ పాఠం పిల్లలకి ముందే వల్లె వేయించడం మా బళ్లలో మామూలే. "స్పాంజి అంటే సముద్రం అడుగున రాయికి అంటుకుని బతికే జీవి. దానికి కాళ్లు లేవు, పళ్లు లేవు, పారిపోలేదు. నక్షత్రచేప వచ్చి తినబోతే ఏం చేస్తుంది పాపం? కొన్ని స్పాంజీలు ఒంట్లోనే చేదు విషం తయారుచేసుకుంటాయి. తినడానికొచ్చింది వెనక్కి పోతుంది" అని చెప్పా.

"మేకలు తినకుండా మా నాన్న చేను గట్టున పేడనీళ్లు చల్లినట్టా టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

"దగ్గర దగ్గర అంతేనే! మనం పైన చల్లుతాం, అది లోపలే వండుకుంటుంది."

ఆ ఊపులో అందరం కలిసి బడి వెనక గోంగూర మడి మీద పేడనీళ్లలో వేపాకు పసరు కలిపి చల్లాం. మేకలు వాసన చూసి మొహం తిప్పుకుని పోతుంటే పిల్లలు ఒకటే గంతులు.

మర్నాడే ఇనస్పెక్టరు గారు వచ్చారు. క్లాసుకి రాబోతూ మడి దగ్గర ఆగి, లేత చిగురు తుంచి, పులుపు చూద్దామని నోట్లో వేసుకున్నారు. నేను కిటికీలోంచి "సార్, వద్దు!" అని అరిచేలోపే థూ థూ అంటూ కుళాయి దగ్గరికి పరుగెత్తారు. నా కొంప మునిగిందనుకున్నా.

మూతి తుడుచుకుంటూ వచ్చి, "ఏం చల్లారమ్మా దాని మీద?" అన్నారు.

ముందు బెంచీ పిల్ల లేచింది. "పేడనీళ్లు, వేపాకు పసరు సార్. ఇవాళ్టి పాఠం కూడా అదే సార్!" అని స్పాంజి కథంతా గడగడా చెప్పేసింది.

ఆయన మొహం సీరియస్‌గానే ఉంది. "అయితే ఒకసారి దాన్ని కొరికింది మళ్లీ దాని జోలికి వస్తుందంటావా?"

ఆ పిల్ల ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరొస్తారా సార్?"

కూర్చోమని ఆ పిల్లకి గబగబా సైగ చేశా. ఆయన మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు, కళ్లలో నీళ్లొచ్చేదాకా. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

వెళ్తూ వెళ్తూ హెడ్మాస్టరు గారితో అన్నారు: "ఈ అమ్మాయిని వదులుకోకండి. గోంగూర మాత్రం మా ఇంటికి పంపకండి."